అంగుళం ఎత్తు అక్షరాలు

చట్టం ప్రకారం ఒక్కో అక్షరం
అంగుళానికి తగ్గకూడదు.
వెనక రంగులో కలిసిపోకూడదు.
ఇంగ్లీషులో ఒకసారి, స్పానిష్‌లో ఒకసారి,
గుమ్మం దగ్గర, వచ్చేవాడి కంటికి ఆనేటట్టు.
ఇమెల్డా కాంటూ ఆ కాగితం నా చేతిలో పెట్టి
"ఒక్క మాట పొల్లు పోకూడదు, ఎమ్మెట్" అంది.
పొల్లు పోతే కోర్టులో చెల్లదట.

అమరిల్లోకి ఉత్తరాన, గాలి లేస్తే పళ్ల కింద ఇసుక నలిగే ఊరు మాది.
ఆమె లాండ్రీలో ఇరవై రెండు యంత్రాలు,
తిరిగేవి పద్నాలుగు.
పదకొండేళ్ల కిందట ఇదే అద్దం మీద
నేనే రాశాను: "రండి, మీ మురికి మాకివ్వండి."
పసుప్పచ్చ రంగు. ఎండకి మొహం మాడిపోయింది పాపం.

సంగతేమిటని అడగలేదు. ఊరందరికీ తెలిసిందే.
మొన్న గురువారం తొమ్మిదో నంబరు డ్రయర్లో
దుప్పటి మడతలోనో, కోటు జేబులోనో
మరిచిపోయిన పిస్తోలొకటి
ధన్... ధన్... అని తిరిగింది.
బెల్టు బకిల్ అనుకున్నారు అందరూ.
నాలుగేళ్ల పిల్ల ఒకతె గుండ్రటి అద్దానికి ముక్కు ఆనించి
"అమ్మా, నల్ల చేప!" అందట.

పేలలేదు.
ఆ ఒక్క మాట దగ్గరే ఊరు రెండుగా చీలింది.

బ్రష్షులు పట్టుకుని లోపలికి అడుగేయబోతే
ఇమెల్డా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.
"నీ నడుముదో?"
ముప్పయ్యేళ్లుగా ఉన్నది అక్కడే. పెళ్లి ఉంగరంలాగే
ఉన్నట్టు తెలియదు.
"బోర్డు ఇంకా రాయందే!" అన్నాను.
"రాసేవాడితోనే మొదలు" అంది.
ట్రక్కులో పెట్టి తాళం వేసి వచ్చాను.
ఆ ఇరవై అడుగులూ
నా నడక నాకే ఒక పక్కకి ఒరిగినట్టుంది.

బయటివాళ్లు చదివే రాతని
లోపలినుంచి తిరగేసి రాయాలి.
ఇసుక గీరకుండా, వాన కడిగేయకుండా.
కుడినుంచి ఎడమకి, చివరి మాట ముందు.
చెయ్యి దానంతటదే పోతుంది నాకు,
కాని ఈసారి మాత్రం
'నిషేధం' అన్నచోట రెండుసార్లు తుడిచాను.
లోపల బట్టలు మడతపెట్టుకుంటున్న ఆడవాళ్లకి
అది మాట కాదు, తెల్లటి ముళ్లతీగ.

సగం వాక్యంలో ఉండగా వచ్చాడు డెల్మర్ హాస్క్యూ.
డెబ్బై ఆరేళ్లు. వారం వారం రెండు బుట్టలు,
ఒకటి తనది, ఒకటి మంచానపడ్డ తమ్ముడిది.
అద్దానికి అవతల నిలబడి
తడి అక్షరాల్ని పెదాలు కదుపుతూ చదివాడు.

"ఇది నా హక్కు, ఇమెల్డా."
"ఇది నా గుమ్మం, డెల్మర్."
"మీ ఆయన పోయిన ఏడు
రాత్రి డబ్బు సంచీతో నువ్వు బ్యాంకుకి పోతుంటే
నీ వెనక ఎవడున్నాడు?"
"నువ్వే. మరిచిపోలేదు."
"మరి నావల్ల నీకేం భయం?"

ఆమె బదులు చెప్పలేదు.
తొమ్మిదో నంబరు వైపు చూడకుండా ఉండటానికి
ఆ ముసలాయన పడుతున్న పాటు
నేను చూశాను. ఆమె నాకంటే ముందే చూసింది.
ఎవరిదని ఊళ్లో ఎవరినీ అడగలేదు ఇమెల్డా,
ఇప్పుడూ అడగలేదు.

"బుట్టలకి అడ్డం లేదు" అంది.
గడప మీదే చతికిలబడి
ఒక్కొక్క జేబూ బయటికి లాగి చూసింది:
మందుల చీటీ, పుల్ల, రెండు పావలా నాణేలు.
నాణేలు అతని అరచేతిలో పెట్టి
బట్టలు లోపలికి తీసుకుపోయింది.

చివరి అక్షరం దిద్ది బయటికొచ్చేసరికి
డెల్మర్ తన ట్రక్కు వెనక పలక మీద కూర్చుని ఉన్నాడు.
కాస్త జరిగాడు. కూర్చున్నాను.
నా వాహనం తాళం తియ్యాలనుకుంటూనే కూర్చున్నాను.
అక్షరాల సందుల్లోంచి
అతని నీలం చొక్కాలు పైకి లేచి కింద పడుతున్నాయి.

"రంగు తడి. రేపటిదాకా తలుపు తొయ్యకు" అన్నాను.
"ఆరిందాకానేనా?" అన్నాడు డెల్మర్.